విండోస్ 7 నుంచి 11కి: పుస్తకాల ఫైల్ మాక్రోలు ఎంతవరకు వచ్చాయంటే

ఇంట్లో పుస్తకాల లెక్క కోసం రాసుకున్న ఎక్సెల్ ఫైల్ ఇది. కొత్త పుస్తకం ఎంట్రీ, ఎవరికి ఇచ్చాం ఎప్పుడు తిరిగొచ్చింది, నెలకోసారి రిపోర్ట్, అట్ట మీద అంటించే లేబుల్ ప్రింట్, బ్యాకప్, అన్నీ మాక్రోలే, అంటే ఎక్సెల్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రాములు. ఇన్నేళ్లూ విండోస్ 7, 32 బిట్ ఆఫీస్ 2010 మీద నడిచింది, ఇప్పుడు విండోస్ 11, 64 బిట్ ఆఫీస్‌లోకి తెచ్చా. పని ఇంకా పూర్తవలేదు కానీ ముఖ్యమైనవి లైన్లో పడ్డాయి, ఇదే పనిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఎక్కడిదాకా వచ్చిందో రాస్తున్నా.

ఒక మాట ముందే చెప్పేస్తా. మాక్రోలు రాసే వీబీఏ భాషకి ఏం కాలేదు. లూపులు, ఇఫ్‌లు, రేంజ్‌లు, సార్టింగ్, ఒక్కటి కూడా ఆగలేదు. ఆగిపోయినవన్నీ కోడ్ పాత మెషీన్ మీద ఆనుకుని ఉన్నవి: ఫోల్డర్ పేరు, ప్రింటర్ పోర్టు, తేదీ పద్ధతి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు ఉంచుకునే చోటు) దాచిన సెట్టింగు, ఫామ్ మీద పెట్టే, 32 బిట్‌లోనే ఉండే కంట్రోల్. అందుకే ఎర్రర్ వచ్చిన చోట అతుకు వేసి వదిలేయకుండా, ఈ లైన్ మెషీన్ నుంచి ఏం తీసుకుంటోంది అని ప్రతి మాడ్యూల్‌నీ అడుగుతూ వెళ్తున్నా.

పాత కంప్యూటర్ ఆపేయకముందే చేయాల్సినవి

ఇది అన్నిటికంటే ముందు. పాత మెషీన్ ఇంకా నడుస్తుండగానే వీబీఏ ఎడిటర్‌లో ఒక్కో మాడ్యూల్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఫామ్ ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి ఎఫ్ఆర్ఎం, ఇంకోటి ఎఫ్ఆర్ఎక్స్, రెండూ పక్కపక్కనే ఉండాలి, ఒకటి పోతే రెండోది ఉన్నా తిరిగి ఇంపోర్ట్ చేయడం కుదరదు. టూల్స్ మెనూలో రిఫరెన్సులు (కోడ్ వాడుకునే బయటి లైబ్రరీల జాబితా) తెరిచి టిక్ ఉన్నవన్నీ ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. పర్సనల్ మాక్రో వర్క్‌బుక్ వాడుతుంటే అది యాప్‌డేటా కింద ఎక్సెల్ వాళ్ల ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్లో ఉంటుంది, డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసినా అది రాదు.

ఇంకొకటి చాలామందికి గుర్తు రాదు. కోడ్‌లో సేవ్‌సెట్టింగ్, గెట్‌సెట్టింగ్ వాడి ఉంటే ఆ విలువలు ఫైల్లో ఉండవు, రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద వీబీ అండ్ వీబీఏ ప్రోగ్రామ్ సెట్టింగ్స్ అనే చోట ఉంటాయి. నా ఫైల్లో తర్వాతి లేబుల్ నంబరు అక్కడే ఉంది, అది తేకపోతే కొత్త మెషీన్‌లో మళ్లీ ఒకటి నుంచి మొదలై ఒకే నంబరు రెండు పుస్తకాలకి పడుతుంది. ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి తేవచ్చు, కానీ నేను దాన్ని దాచిన షీట్‌లోని ఒక సెల్‌లోకి మార్చేశా, ఇక ఫైల్ ఎక్కడికెళ్తే నంబరూ అక్కడికే.

ఎర్ర పట్టీ

ఫైల్‌ని నాకు నేనే మెయిల్ చేసుకుని కొత్త మెషీన్‌లో దించి తెరిస్తే, పసుపు పట్టీ బదులు ఎర్ర పట్టీ వచ్చింది, ఎనేబుల్ బటన్ కూడా ఉండదు. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలు ముందే ఆపేస్తున్నారు, భద్రత కోసం చేసిన మంచి మార్పే. ఫైల్‌కి విండోస్ తగిలించే ఒక గుర్తు వల్ల ఇది జరుగుతుంది. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్‌లో కింద అన్‌బ్లాక్ అని ఉంటుంది, టిక్ పెట్టి ఓకే కొడితే సరి. రోజూ వాడే ఫోల్డర్‌ని ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చుకుంటే ఇంకా నయం. దయచేసి అన్ని మాక్రోలూ ఎనేబుల్ అనే సెట్టింగు మాత్రం పెట్టకండి, మన ఒక్క ఫైల్ కోసం వచ్చే ప్రతి ఫైల్‌కీ తలుపు బార్లా తీసినట్టే.

డిక్లేర్ లైన్లు

మాక్రోలు ఆన్ అవగానే మొదటి దెబ్బ ఇక్కడే. 64 బిట్ ఆఫీస్‌లో పాత డిక్లేర్ స్టేట్‌మెంట్లు, అంటే విండోస్ సొంత ఫంక్షన్లని పిలిచే లైన్లు, కంపైల్ అవవు, పిటిఆర్‌సేఫ్ అనే మాట చేర్చమని చెప్పే మెసేజ్ వస్తుంది. ఈ మాట ఆఫీస్ 2010తో వచ్చిన వీబీఏ 7 నుంచీ ఉంది, కాబట్టి చేర్చిన తర్వాత కూడా కోడ్ 2010లో, ఆ తర్వాతి వెర్షన్లలో, 32 బిట్‌లోనూ నడుస్తుంది. 2007 వాడేవాళ్లకి కూడా ఇవ్వాల్సి వస్తేనే ఇఫ్ వీబీఏ7 అనే కండిషనల్ కంపైల్‌తో రెండు వెర్షన్లూ రాయాలి.

ఆ మాట చేర్చడంతో పని అయిపోదు. పిటిఆర్‌సేఫ్ అనేది నేను చూసుకున్నాను అని మనం ఇచ్చే హామీ మాత్రమే, అది ఏదీ సరిచేయదు. విండో హ్యాండిల్స్ (ఒక్కో విండోకి విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), మెమరీ అడ్రసులు 64 బిట్‌లో 8 బైట్లు, లాంగ్ అనే సంఖ్యా రకం మాత్రం ఎప్పటిలాగే 4 బైట్లు, అందుకే అవి పట్టుకునే చోటల్లా లాంగ్ తీసి లాంగ్‌పిటిఆర్ పెట్టాలి. నా ఫైల్లో ఫైండ్‌విండో తిరిగిచ్చే విలువ, షెల్‌ఎగ్జిక్యూట్‌లో మొదటి ఆర్గ్యుమెంట్, అది తిరిగిచ్చే విలువ మార్చా, వాటిని దాచుకునే వేరియబుల్స్ కూడా. స్లీప్‌కి ఇచ్చే మిల్లీసెకన్లు మాత్రం మామూలు సంఖ్య, అది లాంగ్‌గానే ఉండాలి. ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి అన్ని లాంగ్‌లనీ మార్చేయమనే సలహాలు కనిపిస్తుంటాయి, అది వద్దు. స్ట్రక్చర్లలో (చాలా విలువలు ఒకే వరసలో పేర్చిన డేటా) అలా మార్చితే బైట్ల లెక్క తప్పి ఎక్సెల్ మాటా పలుకూ లేకుండా మూసుకుపోతుంది, అప్పుడు కారణం వెతకడం మహా కష్టం.

మార్చిన ప్రతిసారీ డీబగ్ మెనూలో కంపైల్ కొట్టండి. మాక్రో నడిపి ఎర్రర్ కోసం ఎదురుచూడటం కంటే ఇదే త్వరగా తేలుతుంది.

క్యాలెండర్ కంట్రోల్, రిఫరెన్సులు

ఎంట్రీ ఫామ్‌లో తేదీ ఎంచుకునే డేట్ పిక్కర్ కామన్ కంట్రోల్స్ 2 ఫైల్లోది, దానికి 64 బిట్ వెర్షనే లేదు. రిజిస్టర్ చేసి చూడండి అని చెప్పేవి 32 బిట్ ఆఫీస్ ఉన్నవాళ్లకే పనిచేస్తాయి. పాత మెషీన్‌లో ఫామ్ తెరిచి దాన్ని తీసేసి, రోజు, నెల, సంవత్సరం మూడు కాంబో బాక్సులు పెట్టా, చూడ్డానికి సాదాగా ఉన్నా ఇది ఎక్కడైనా తెరుచుకుంటుంది.

రిఫరెన్సుల్లో మిస్సింగ్ అని ఒక్కటున్నా సరే ఎర్రర్ సంబంధం లేని చోట వస్తుంది, లెఫ్ట్, ట్రిమ్, డేట్ లాంటి మామూలు ఫంక్షన్ మీద ఆగి లైబ్రరీ దొరకలేదు అంటుంది. ఆ లైన్‌ని చూస్తూ కూర్చోకుండా నేరుగా రిఫరెన్సుల డబ్బా తెరిచి మిస్సింగ్ ఉన్నదానికి టిక్ తీసేయాలి. నేను బయటి ఆబ్జెక్టులన్నీ క్రియేట్‌ఆబ్జెక్ట్‌తో తెచ్చుకునేలా మార్చేశా, వెర్షన్ మారినా గొడవ ఉండదు. పాత యాక్సెస్ ఫైల్‌ని చదివే మాక్రోలో జెట్ 4.0 ప్రొవైడర్ (డేటాబేస్ చదివే డ్రైవర్) ఉంది, అదీ 32 బిట్ మాత్రమే, ఏస్ 12.0 అని మార్చాక చదువుతోంది.

తేదీలు: ఎర్రర్ రానిది, అందుకే అసలు ప్రమాదం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అరిచి చెప్పే తప్పులు. ఇది చప్పుడు చేయదు.

టెక్స్ట్‌గా వచ్చిన తేదీని సీడేట్‌తో మార్చే లైన్ ఒకటుంది. సీడేట్ అయితే విండోస్ రీజియన్ సెట్టింగు చూసి రోజు ముందా నెల ముందా అని తేల్చుకుంటుంది. పాత మెషీన్‌లో రోజు ముందు, కొత్తదాంట్లో సెటప్ అప్పుడు అమెరికా పద్ధతి వచ్చింది, నెల ముందు. టెస్ట్ కోసం ఒక పుస్తకం 05-03-2025న ఇచ్చినట్టు, 20-03-2025న తిరిగొచ్చినట్టు ఎంట్రీ చేశా. రిపోర్ట్‌లో ఎన్ని రోజులు ఉంచుకున్నారు అనే కాలమ్‌లో 15 రావాలి, మైనస్ 44 వచ్చింది.

సెల్ ఫార్మాట్ జనరల్‌కి మార్చి చూస్తే విషయం తేలింది. తేదీ ఎక్సెల్‌కి లోపల ఒక సంఖ్య, 2025 మార్చి 5 అంటే 45721. సెల్‌లో 45780 ఉంది, అంటే మే 3. తిరిగొచ్చిన తేదీ మాత్రం సరిగ్గా 45736, మార్చి 20. 20వ నెల ఉండదు కాబట్టి సీడేట్ అక్కడ తనే రోజూ నెలా తిప్పుకుని సరిగ్గా చదివింది, ఎర్రర్ ఇవ్వలేదు. అంటే 12వ తేదీ లోపు ఎంట్రీలు తారుమారు, 13 నుంచి సరైనవి, రెండూ ఒకే కాలమ్‌లో కలిసిపోతాయి. నాలుగు నెలలు ఇలా నడిచాక చూస్తే ఏది ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదు.

రీజియన్ సెట్టింగు మార్చుకోవచ్చు, కానీ అది మళ్లీ మెషీన్ మీద ఆధారపడటమే. నేను సీడేట్ మొత్తం తీసేసి, టెక్స్ట్‌ని గీత దగ్గర స్ప్లిట్ చేసి, డేట్‌సీరియల్‌కి సంవత్సరం, నెల, రోజు వరసలో విడివిడిగా ఇచ్చా. ఇప్పుడు రీజియన్ ఎటు తిప్పినా 45721 వస్తోంది, రెండు పద్ధతుల్లోనూ పెట్టి చూశా. పాత ఎంట్రీలకి ఏం కాదు, అవి ఇప్పటికే సంఖ్యలుగా ఉన్నాయి. కొత్త మెషీన్‌లో మొదటి టెస్ట్ ఏది అని ఎవరడిగినా ఇదే చెప్తా, 12 లోపు తేదీ ఒకటి ఎంట్రీ చేసి జనరల్ ఫార్మాట్‌లో సంఖ్య చూడండి.

బ్యాకప్, ప్రింటర్

బ్యాకప్ మాక్రో, ఫైల్ ఉందా అని చూసే డిర్ దగ్గర ఎర్రర్ 52 ఇచ్చి ఆగింది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటే దిస్‌వర్క్‌బుక్ పాత్ అనేది సీ డ్రైవ్ దారి బదులు వెబ్ అడ్రస్ ఇవ్వొచ్చు, డిర్‌కి, ఫైల్‌కాపీకి ఆ అడ్రస్ అర్థం కాదు. అసలు ఫైల్‌ని సింక్ లేని మామూలు ఫోల్డర్లో పెట్టుకుని, సేవ్‌కాపీయాజ్‌తో ఒక కాపీని సింక్ ఫోల్డర్లోకి పంపిస్తున్నా, ఆ ఫోల్డర్ దారి ఎన్విరాన్ ద్వారా తీసుకుంటోంది. యూజర్ పేరు కోడ్‌లో ఎక్కడా లేదు.

లేబుల్ ప్రింటర్ సంగతి: యాక్టివ్‌ప్రింటర్‌కి ఇచ్చే పేరు చివర ఎన్ఈ03 లాంటి పోర్టు ఉంటుంది, మెషీన్ మారితే ఆ అంకె మారిపోతుంది, 1004 ఎర్రర్ వస్తుంది. 00 నుంచి 99 దాకా ఒక లూప్ పెట్టి ఏది కుదిరితే అది తీసుకునేలా రాశా.

తెలుగు మెసేజ్‌లు

వీబీఏ ఎడిటర్ యూనికోడ్ కాదు, అందులో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలే, కొత్త విండోస్‌లోనూ అంతే. మెసేజ్‌ల టెక్స్ట్ అంతా ఒక షీట్‌లో పెట్టి అక్కడి నుంచి చదివిస్తున్నా. మామూలు ఎంఎస్‌జి‌బాక్స్ ఆ టెక్స్ట్‌ని కూడా చూపించలేదు, చిన్న యూజర్‌ఫామ్‌లో లేబుల్ పెట్టి చూపిస్తే తెలుగు చక్కగా వస్తోంది.

మిగిలినవి

ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే అంతర్జాతీయ నంబరు) సరిచూసే కోడ్ విండోస్‌లోని పాత స్క్రిప్ట్ భాష వీబీస్క్రిప్ట్ వాళ్ల రెగ్ఎక్స్‌పి (టెక్స్ట్ ఒక నమూనాకి సరిపోతోందా అని చూసే పనిముట్టు) మీద ఉంది. ఇప్పటికి పనిచేస్తోంది, కానీ వీబీస్క్రిప్ట్‌ని విండోస్ నుంచి తీసేస్తామని 2023లోనే ప్రకటించారు, విండోస్ 11 24హెచ్2లో అది ఆప్షనల్ ఫీచర్ అయిపోయింది. డిక్షనరీ, ఫైల్‌సిస్టమ్ ఆబ్జెక్ట్ కూడా పోతాయేమో అని కంగారు పడక్కర్లేదు, అవి వేరే డీఎల్ఎల్‌లో (విండోస్ లైబ్రరీ ఫైల్) ఉంటాయి. నాకు కావాల్సింది గీతలు తీసేశాక 978 లేదా 979తో మొదలై ఇంకో 10 అంకెలు ఉన్నాయా అని చూడటమే, దానికి వీబీఏలోని లైక్ ఆపరేటర్ సరిపోతుంది, మార్చడం మొదలుపెట్టా. చివరి చెక్ అంకె కూడా కూడి చూసే ఫంక్షన్ రాస్తున్నా, 1, 3 వరసగా గుణించి కూడితే మొత్తం 10తో భాగింపబడాలి. అది అవగానే సెట్టింగ్స్‌లో వీబీస్క్రిప్ట్ ఫీచర్ తీసేసి, ఫైల్ మొత్తం మళ్లీ మొదటి నుంచి నడిపి చూస్తా.