పొట్టిదైన ప్యాంటు

శనివారం రాత్రి.

రేపటి ఆరాధనకి బట్టలు తీసి పెడుతుంటే తెలిసింది, పెద్దాడి ప్యాంటు చీలమండల పైకి వచ్చేసిందని. మొన్నటిదాకా సరిపోయేది. లోపలి మడత విప్పి కుడుతూ కూర్చున్నాను.

సూది పట్టుకుంటే నాకు బైబిల్లోని హన్నా గుర్తొస్తుంది. కొడుకు సమూయేలుని దేవుడి సేవకని మందిరంలో విడిచి వచ్చాక ఆవిడ ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేదని మొదటి సమూయేలు 2:19లో ఉంది. ఏడాదికోసారి చూసే బిడ్డకి కొలత ఎలా తీసిందో! పోయినేటి పొడవు మీద ఎన్ని వేళ్లు కలుపుకుందో. పైగా అక్కడి యాజకుడైన ఏలీ కొడుకులు దుర్మార్గం చేస్తున్నది ఆ మందిరంలోనే. ఆ తల్లి రాత్రుళ్లు నిద్రెలా పోయిందో.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా పెద్దాడి వంతు వచ్చినప్పుడు "నాకు చేయాలని లేదమ్మా" అన్నాడు. పదేళ్లవాడు. చెల్లెలు వెంటనే నా ముఖంలోకి చూసింది. "దేవుడి దగ్గర అలాగేనా మాట్లాడేది?" అని గట్టిగా కసిరాను. పరలోక ప్రార్థన గడగడా అప్పజెప్పి, ఆమేన్ అని లేచి వెళ్లిపోయాడు. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. ఆ తప్పు పోకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"సమూయేలు అప్పటికి ఇంకా దేవుణ్ణి ఎరగడు" అన్న మాట అదే పుస్తకం 3:7లో ఉంది. మందసం, అంటే దేవుడి ఆజ్ఞల పలకలున్న పెట్టె, ఉన్నచోట పడుకునేవాడు, రోజూ పరిచర్య చేసేవాడు, అయినా ఎరగడు. మూడుసార్లు దేవుడి పిలుపు వస్తే ఏలీ పిలిచాడనుకునే పరుగెత్తాడు. ఏలీ వాడి బదులు తను పలకలేదు. ఏమని పలకాలో చెప్పి, వెళ్లి పడుకోమన్నాడు. సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఆ పడుకోమన్న మాట దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు. నేనైతే మంచం పక్కనే కూర్చుని, వినపడిందా, వినపడిందా అని అడుగుతూనే ఉండేదాన్ని.

సూది పక్కన పెట్టి పెద్దాడి దగ్గరికెళ్లాను. "ఇందాక అరిచాను, నన్ను క్షమించు నాన్నా" అన్నాను. గోడవైపే తిరిగి ఉన్నాడు. చాలాసేపటికి, "మా ఫ్రెండుకి జ్వరం తగ్గాలని రోజూ ప్రార్థన చేస్తున్నానమ్మా. తగ్గట్లేదు" అన్నాడు.

రోజూ చేస్తున్నాడట. ఆ సంగతే నాకు తెలియదు.

13వ కీర్తన తీసి చదివాను. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు నేరుగా దేవుణ్ణే అడిగే కీర్తన. ఉన్నవి ఆరు వచనాలే. "దేవుణ్ణి అలా అడగొచ్చా?" అన్నాడు ఇటు తిరిగి. అడగొచ్చన్నాను. ఇన్నేళ్లలో కృతజ్ఞతలు చెప్పడం నేర్పాను కానీ ఇది నేర్పలేదు. మొదటి వచనం మళ్లీ చదవమన్నాడు, చదివాను. ప్రార్థన చేయమని అడగలేదు. వాడు నిద్రపోయాక ఆ ఫ్రెండు పేరు పెట్టి నేనే చేసుకున్నాను.

రెండో కాలి అంచు ఇంకా కుట్టాలి. కాస్త పొడవు ఉంచే కుడుతున్నాను.