మైకుసెట్టు ప్లేట్లు ఆన్‌లైన్లో అమ్మాను – నా అనుభవం

ముందే చెప్తున్నా, అటక మీద పాత గ్రామఫోన్ ప్లేట్లుంటే లక్షలొస్తాయని యూట్యూబ్‌లో ఎవరన్నా చెప్తే నమ్మబాకండి. డబ్బులైతే వస్తాయి, కానీ దాని వెనకాల ఎంత చాకిరీ ఉందో ఎవరూ చెప్పరు, అందుకని రాస్తున్నా.

మా నాయన కావలిలో మైకుసెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళు, నవమి పందిళ్ళు, తిరణాళ్ళు, ఎలక్షన్లు, అన్నీ. క్యాసెట్లు వచ్చాక ప్లేట్లన్నీ ట్రంకు పెట్టెల్లో సర్ది అటకెక్కించాడు. ఆయన పోయాక ఇల్లు రిపేరు చేయిస్తా అవి దించితే అమ్మ "ఏందిరా ఆ పెంకులు, పాతసామాన్లోడికి వేసి ఓ బకెట్ తీసుకోరాదా" అంది.

పెట్టెల్లో మూడు రకాలున్నాయి. బరువుగా ఉండే 78 స్పీడువి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, వైపుకి మూడు నిమిషాల చిల్లర పాడతాయి, లక్కతో చేసినవి, చెయ్యి జారితే ముక్కలే. తర్వాత 7 అంగుళాల ఈపీలు, 45 స్పీడు, సినిమా పాటలవి. ఇంక 12 అంగుళాల ఎల్పీలు, 33 స్పీడు. ఈ రెండూ వినైల్, అంత తేలిగ్గా పగలవు. ఈ తేడా తెలియకుండా కడిగారంటే మటాషే, ఎందుకంటే నీళ్ళలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవమని చాలామంది చెప్తారు, వినైల్‌కైతే పర్లేదు గానీ 78కి అది తగిలిందంటే లక్క కరిగిపోద్ది. నేను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి గుడ్డతో తుడిచా, లేబుల్ తడవకుండా.

మైకుసెట్టు ప్లేట్లతో అసలు గొడవ ఏందంటే అవి ఇంట్లో పదిలంగా విన్నవి కాదు. పందిట్లో దుమ్ములో, జనరేటర్ పక్కన, అరిగిపోయిన సూదితో ఎన్నిసార్లు తిరిగాయో లెక్కలేదు. పైకి నిగనిగలాడతా ఉంటాయి, సూది పెడితే పాటకన్నా బరబరే ఎక్కువ. కొన్నిటికి గాడులు బూడిద రంగుకి తిరిగి ఉంటాయి, అది మురికి కాదు అరుగుదల, ఎంత కడిగినా పోదు. లేబుల్ మీద నాయన పేరు రబ్బరు స్టాంపు, కొన్నిటికి పక్కనే ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. ఆ చుక్క ఎందుకంటే తాళి కట్టే టైముకి వెయ్యాల్సిన ప్లేటు హడావుడిలో టక్కున దొరకాలంట, అమ్మ చెప్పింది. పాత ప్లేట్లు సేకరించేవాళ్ళ లెక్కలో ఇట్టాంటి స్టాంపులకీ చుక్కలకీ రేటు తగ్గిద్ది, అయినా నేను వాటిని గీకలేదు, ఫోటోలో కనపడేట్టే పెట్టా.

కండిషన్ చూడటానికి ట్యూబ్‌లైట్ కింద ప్లేటు ఏటవాలుగా పట్టుకుంటే గీతలన్నీ బయటపడతాయి. గీత మీద గోరు మెల్లిగా అడ్డంగా లాగితే తగులుకుందనుకోండి, ఆడ సూది ఎగిరే ఛాన్సు ఎక్కువ. చూపుతో సరిపెట్టుకోబాకండి, పాడించి వీడియో తియ్యండి, సగం మంది అదే అడుగుతారు. 78లకి గాడి వెడల్పు కాబట్టి సూది వేరేది కావాలి, ఎల్పీ సూదితో పాడిస్తే అది గాడి అడుక్కి దిగిపోయి సొద పెడద్ది, కొనేవాడు ప్లేటే పోయిందనుకుంటాడు.

రేటుకి డిస్కాగ్స్ చూశా, 2000లో మొదలైన సైట్ అది, ఏ ప్లేటు ఎంతకి అమ్ముడుపోయిందో అందులో ఉంటుంది, లేబుల్ మీద నంబరూ, గాడులు అయిపోయాక నున్నటి జాగాలో చెక్కిన నంబరూ రెండూ కలిస్తేనే అదే ప్లేటని అర్థం. తెలుగువి తక్కువే దొరికాయి. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నానో, అది చాలా ఇళ్ళలో ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా అడగలేదు. నేను పట్టించుకోని పద్యనాటకాల 78లకి మాత్రం మెసేజ్‌లే మెసేజ్‌లు. బాలు గారు 1966లో సినిమాలకి పాడటం మొదలుపెట్టారు కదా, ఆ తొలి ఏళ్ళ ఈపీలు అడిగినోళ్ళు నెల్లూరులోనే ఉన్నారు, కాకపోతే కవరుతో సహా కావాలంటారు. మా కవర్లు సగం చెదలు తినేసినయ్.

డబ్బుల సంగతి. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో లోపల్లోపల పేమెంట్లు ఆపేసింది, బయటి దేశాలోళ్ళకి అమ్మితేనే పనికొస్తుంది, ఇక్కడోళ్ళకి యూపీఐ చాలు. ఒకాయన మిలిటరీలో ఉన్నానంటా బేరం కూడా ఆడకుండా క్యూఆర్ పంపించి, స్కాన్ చేసి పిన్ కొట్టండి డబ్బులు పడతాయి అన్నాడు. పిన్ కొడితే మన డబ్బులు పోవడమే, రావడానికి పిన్‌తో పనిలేదు. బ్లాక్ చేశా.

ప్యాకింగ్ దగ్గర మాత్రం కక్కుర్తి పడబాకండి. ఎల్పీని కవర్లోంచి తీసి, లోపలి పేపరు కవరుతో సహా అట్ట కవరుకి బయట పెట్టాలి, లేకపోతే దారిలో ప్లేటు కదిలి కవరు అంచు చీల్చేస్తది. రెండూ కలిపి పాలిథిన్‌లో పెట్టి, అటూ ఇటూ ప్లేటుకన్నా పెద్ద అట్టముక్కలు, మూలలకి ఇంకో వరస. ఫ్రిజ్ షోరూం వాళ్ళు అట్టపెట్టెలు ఊరికే ఇచ్చారు. రోహిణి కార్తెలో నేనైతే అస్సలు పంపను, మన ఎండకి వ్యాన్లో ఉన్న ప్లేటు అప్పడంలా లేస్తుంది.

78లు ఏ నెలైనా పోస్టులో పంపను. చెన్నై నుంచి ఒకాయన పినాకిని రైల్లో వచ్చి, కూర్చుని పాడించుకుని, నచ్చినవి చేత్తో పట్టుకెళ్ళాడు, నెయిల్ పాలిష్ చుక్కున్నవే ఏరుకున్నాడు, రేటు తగ్గించమని కూడా అనలా. వైజాగ్ ఆయన ఒకరు మాత్రం ఎక్కువిస్తా పార్సిల్ చెయ్యండి అని ఇప్పటికీ మెసేజ్‌లు పెడతానే ఉన్నాడు. రైలెక్కి రమ్మంటున్నా.