అది కాదురా నానన్నది

మా మేనకోడలు అమెరికాలో డిగ్రీ చదువుతోంది. మొన్న దసరాకి ఫోన్ చేసి "మావయ్యా, నాకు ఫెలోషిప్ వచ్చింది" అంది. దేనికమ్మా అంటే, ఒకరికొకరికి అస్సలు పడని అభిప్రాయాలున్న పిల్లల్ని ఓ పదిహేను మందిని ఏరి, ఏడాది పొడవునా ఒకే గదిలో కూర్చోబెట్టి ప్లేటో నుంచి గాంధీ దాకా చదివిస్తారట, చదివినదాని మీద వాదించుకోమంటారట, దానికి స్టైపెండ్ కూడా ఇస్తారట. సివిల్ డిస్కోర్స్ అంటారని, అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఇప్పుడు ఇలాంటివి పెడుతున్నారని వివరంగా చెప్పింది. నాకు చాలా సంతోషం వేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం విశాఖలో మన ఆంధ్రా యూనివర్సిటీ అవుట్ గేటు, సముద్రపు గాలి, మా శనివారం సాయంత్రాలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమంటున్నారు కదా, అదే రాస్తున్నాను.

నేను ఎం.ఏ.లో చేరింది 1989లో. మరుసటేడు ఆగస్టు 7న వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ సిఫార్సుల ప్రకారం కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకి 27 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. ఆ రోజులెలా ఉండేవో ఆ బ్యాచ్‌ల వాళ్లకి చెప్పక్కర్లేదు. మెస్సులో ఒకే బల్ల దగ్గర తిన్నవాళ్లం రెండు బల్లలయ్యాం. నేను వ్యతిరేకిని, నా రూమ్మేటు అనుకూలం, వాడిది పొందూరు. తొమ్మిది రోజులు మాకు మాటల్లేవు. ఒకే కూజాలో నీళ్లు తాగుతున్నాం, ఒకే బకెట్టు వాడుకుంటున్నాం, ఎదురుపడితే మాత్రం మొహం తిప్పుకుంటున్నాం.

అప్పుడు మాకు ఫిలాసఫీ చెప్పే ఒక మాస్టారు పన్నెండు మందిని పోగేశారు, కావాలనే రెండు బల్లల నుంచీ ఆరుగురేసి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటివాడికి జవాబు చెప్పాలంటే ముందు వాడన్నది నీ మాటల్లో చెప్పాలి, వాడు "ఔను, ఇదే" అని ఒప్పుకోవాలి, అప్పటిదాకా నీకు జవాబిచ్చే హక్కు లేదు. మన పాతకాలపు శాస్త్ర గ్రంథాల పద్ధతే ఇది అనేవారు, ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే మన నిర్ణయం. మన పాత తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాల్లో మూడు రకాల చర్చ గురించి చెప్పారు కదా. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా అవతలివాడిని పడగొట్టడానికే చేసేది వితండ. "మీ మెస్సులో రెండోదీ మూడోదీ నడుస్తున్నాయి, మొదటిది ఇక్కడ చేద్దాం" అన్నారు.

మొదటి శనివారమే నాకూ నా రూమ్మేటుకీ జోడీ పడింది. వాడు వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలోంచి ఒక చిన్న వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాలుగ చేప దవడ ఎముక. అరచేతిలో ఇమిడేంత ఉంది, సన్నటి పళ్లు దువ్వెనలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. దాంతో వాళ్లమ్మ పత్తి గింజకి అంటుకున్న దూదిని దువ్వి శుభ్రం చేసి నూలు వడుకుతుందని, పొందూరు ఖద్దరు అంత నాజూగ్గా రావడానికి మొదటి మెట్టు అదేనని చెప్పాడు. తర్వాత పది నిమిషాలు తన వాదన చెప్పాడు. నా వంతు వచ్చింది. "మీరు పేదవాళ్లు కాబట్టి ఉద్యోగాలు ఇవ్వాలంటున్నావు" అన్నాను. "అది కాదురా నానన్నది. పేదరికం మాటే నేను ఎత్తలేదు" అన్నాడు. "మార్కులు తక్కువొచ్చినా సీటివ్వమంటున్నావు" అన్నాను. మళ్లీ అదే మాట. మూడోసారి కూడా అదే. నాకు చెమటలు పట్టాయి, నిజంగానే టెన్షన్ వచ్చింది, ఎందుకంటే వాడు ఏమన్నాడో నేను ఒక్క ముక్క కూడా వినలేదని అప్పుడు తెలిసింది. వాడు మాట్లాడుతున్నంతసేపూ నేను లోపల జవాబు తయారు చేసుకుంటూ కూర్చున్నాను. మాస్టారు "ఇంకోసారి అడుగు, అడగడంలో తప్పు లేదు" అన్నారు. అడిగాను. ఎముక చేతిలోకి తీసుకుని మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. ఈసారి విన్నాను. "మీ వీధిలో పనితనానికి లోటు లేదు, కానీ ఏ ఆఫీసులోనూ మీ వీధివాడు ఒక్కడూ లేడు, లేడు కాబట్టి అక్కడ ఉద్యోగం పడిందన్న సంగతే మీ వీధి దాకా రాదు, మొదట ఒకడు లోపలికి వెళ్తేనే వస్తుంది, అదీ నీ మాట." "ఆఁ, ఇదీ" అన్నాడు.

తర్వాతి శనివారం వాడి వంతు. నేను మెరిట్ అనీ, న్యాయమనీ గంభీరంగా చాలా మాట్లాడాను. వాడు మొదటిసారికే "మీ నాన్న గుమస్తా, మీ అమ్మ గాజులు అమ్మి నిన్ను చదివించింది, ఉద్యోగం రాకపోతే ఇంటికి ఏ మొహంతో వెళ్లాలా అని నీ భయం" అన్నాడు. నేను ఆ మాట ఎక్కడా అనలేదు. కానీ కాదనలేకపోయాను. ఆ రాత్రి మెస్సులో ఇద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. నా అభిప్రాయం ఆ రోజే మారిందని రాస్తే అబద్ధమవుతుంది, అది మారడానికి ఇంకా రెండేళ్లు పట్టింది, అదీ సగమే. (ఈ భాగం పంపేముందు వాడికి ఫోన్లో చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దాడు, దిద్దాకే పంపుతున్నాను.)

ఇలాంటి పనికి ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవాల్సిన అవసరం మనకి లేదు. 1930లో ప్రభుత్వ దమనకాండకి నిరసనగా వైస్ ఛాన్సలర్ పదవినే వదులుకున్న కట్టమంచి రామలింగారెడ్డి గారిది మన యూనివర్సిటీ. ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి రోజుల్లో ఇక్కడ హుమాయూన్ కబీర్ తత్వశాస్త్రం చెప్పారు, తర్వాత కమ్యూనిస్టు నాయకుడిగా పేరుపొందిన హిరేన్ ముఖర్జీ చరిత్ర, రాజనీతి చెప్పారు. మన చిహ్నం మీద "తేజస్వి నావధీతమస్తు" అని ఉంటుంది కదా, మన చదువు తేజోవంతం కావాలని. ఉపనిషత్తులో ఆ వెంటనే వచ్చే మాట "మా విద్విషావహై". మనం ఒకరినొకరు ద్వేషించుకోకుండా ఉందాం అని. కలిసి చదువుకునే ఇద్దరు చెప్పుకోవాల్సిన మాట అది. మాస్టారు ప్రతి శనివారం దాంతోనే ముగించేవారు.

స్టైపెండ్ ఎందుకు, ఆసక్తి ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. మా పన్నెండు మందిలో ఒకడు మూడో వారం నుంచి రావడం మానేశాడు. శనివారం సాయంత్రాలు మద్దిలపాలెంలో ట్యూషన్ చెప్తే గానీ వాడికి మెస్ బిల్లు గడవదు. ఆ సంగతి తెలిసి మాస్టారు నెలకి వంద రూపాయలు వాడి చేతిలో పెట్టారు, ఊరికే ఇస్తే తీసుకోడని మా చర్చలు రాసిపెట్టే పని అప్పగించారు. వాడు లేకపోతే మా గదిలో కూలివాళ్ల ఇంటి గొంతే ఉండేది కాదు. డబ్బు లేకపోతే తీరిక ఉన్నవాళ్లే వస్తారు, తీరిక ఉన్నవాళ్లు చాలావరకు ఒకే రకంగా ఆలోచిస్తారు.

ఇప్పటి పిల్లలకి గొడవపడటానికి ఫోన్లో వంద చోట్లు ఉన్నాయి, ఎదురుగా కూర్చుని "అది కాదురా నానన్నది" అనిపించుకునే చోటు ఒక్కటీ లేదు. నా బాధంతా అదే. 1926లో పుట్టిన యూనివర్సిటీ నూరేళ్ల పండుగకి మనం ఎలాగూ చందాలు వేసుకుంటున్నాం. అందులో కొంత తీసి ఏటా పన్నెండు మందికి ఇలాంటి ఫెలోషిప్ పెడదాం, ఆర్ట్స్ వాళ్లనే కాక ఇంజనీరింగ్, సైన్సు పిల్లల్ని కూడా కలిపి. గది, ఓపిక ఉన్న ఒక మాస్టారు, కొన్ని పుస్తకాలు, నెలనెలా మెస్ బిల్లుకి సరిపడా డబ్బు, ఇంతే ఖర్చు. నా రూమ్మేటు తన వాటా వేస్తానన్నాడు. సమ్మేళనం రోజు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, లెక్కంతా కాగితం మీద రాసుకుని తెస్తున్నాను.