గోపాలపురం ఇసుకలో పరుగు, ఎండలో చర్మం

ఒడిశాలోని బరంపురం నుండి ఆదివారాల్లో గోపాలపురం తీరానికి వెళ్ళి పరుగెత్తడం నాకు ఏళ్ళుగా అలవాటు. మబ్బు పట్టిన ఒక ఉదయం, ఎండ లేదు కదా అన్న ధీమాతో పొద్దెక్కే వరకు తీరంలోనే గడిపి వచ్చాను. సాయంత్రానికి మెడ వెనుక, చెవుల అంచుల చర్మం ఎర్రగా కమిలి, దిండు తగిలితేనే మండింది.

చర్మాన్ని కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. అవి పలుచని మబ్బును సులువుగా దాటి వస్తాయి. పైగా పొడి ఇసుక వాటిలో సుమారు 15 శాతాన్ని, అలల నురగ సుమారు 25 శాతాన్ని తిప్పికొడతాయి గనుక, టోపీ పెట్టుకున్నా ముఖానికి కింది నుండి తాకిడి తప్పదు. మన చామనఛాయ కొంత కాపాడుతుందన్నది నిజమే, కానీ పూర్తిగా కాదు.

మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నంతసేపు, అంటే సూర్యుడు బాగా పైన ఉన్నంతసేపు, బయట పరుగు వద్దని నా అభిప్రాయం. తూర్పు తీరంలో పొద్దు త్వరగా ఎక్కుతుంది గనుక నేను ఇప్పుడు ఐదింటికే బయలుదేరుతున్నాను. ఎస్‌పీఎఫ్ (ఎండ నుండి కాపాడే స్థాయి) 30 ఉన్న సన్‌స్క్రీన్ సరిగా రాస్తే, అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని ఎక్కువగా కమిలించే రకమైన యూవీబీలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది. అయితే మనలో చాలామంది రాసేది చాలీచాలని పూత. బయలుదేరే 15 నిమిషాల ముందు చెవులకు, మెడకు, పాదాలపైన కూడా దట్టంగా రాసి, రెండు గంటలకొకసారి, చెమట తుడుచుకున్నాక మళ్ళీ రాయాలి. తడిసిన పలుచని తెల్ల నూలు చొక్కా కిరణాలను అంతగా ఆపదు. దగ్గరి నేతతో ఉన్న ముదురు రంగు పొడుగు చేతుల చొక్కా మేలు.