32 పేజీల్లో పిల్లలమర్రి

డాలస్ దగ్గర ఒక ఊరి పబ్లిక్ లైబ్రరీలో, పిల్లల సెక్షన్‌లో పనిచేస్తాను. వాపసొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దడం, చిరిగిన పేజీలు అతికించడం, కొత్తవాళ్లకు కార్డులు చేసివ్వడం రోజూ ఉండేదే. వీటన్నిటికన్నా నాకిష్టమైంది స్టోరీటైమ్. మూడు నాలుగేళ్ల పిల్లలు కార్పెట్ మీద కూర్చుంటారు, నేను పుస్తకాన్ని వాళ్లవైపు తిప్పి పట్టుకుని పక్కనుంచి మెడ వంచి చదవాలి. కథలో ఒక్క వాక్యం ఎక్కువైతే చాలు, ముందు వరసలో ఎవరో ఒకరు బూట్ల వెల్‌క్రో చర్రుచర్రున పీకడం మొదలుపెడతారు. ఆ చప్పుడు ఏ పేజీ దగ్గర వినబడిందో గుర్తుపెట్టుకుంటాను. బొమ్మల పుస్తకం రాయాలనుకునేవాళ్లెవరైనా ముందు పిల్లల ముందు కూర్చుని చదవాలని గట్టిగా నమ్ముతాను.

కొన్నాళ్లుగా నేనూ ఒకటి రాస్తున్నాను, మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మీద. 700 ఏళ్లదని చెప్పుకునే మర్రిచెట్టు, 3 ఎకరాలకు పైగా పరుచుకుని ఉంటుంది. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో అటవీశాఖ వాళ్లు దానికి వైద్యం చేశారు. నాయన ఫోన్ చేసి, "మర్రికి సెలైన్ ఎక్కిస్తున్నరు బిడ్డా, దవాఖానల మనిషికి పెట్టినట్లే, పేపర్ల ఫొటో వచ్చింది చూడు" అన్నాడు. వందల సీసాలు కొమ్మలకు వేలాడుతున్న ఆ ఫొటో చూశాక ఇది పిల్లల పుస్తకమేనని నాకు అనుమానమే లేకపోయింది.

బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలు ఉంటుంది. అది ఎవరి ఇష్టమో కాదు, పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచి కోస్తే 8, 16, 32 ఇలాగే వస్తాయి. అందులో టైటిల్, కాపీరైట్ లాంటివాటికి కొన్ని పోతే కథకు మిగిలేది 14 జంట పేజీలు, కాస్త అటూఇటూగా. అందుకే నేను కథను కంప్యూటర్‌లో చూసి సరిదిద్దను. 8 కాగితాలు మధ్యకు మడిచి పుస్తకంలా చేసి, వాక్యాలు కత్తిరించి అంటించి, నిజంగా పేజీ తిప్పుతూ చదువుతాను. డమ్మీ అంటారు దీన్ని. పేజీ ఎక్కడ తిరగాలో చేతికి తెలిసినంత బాగా కంటికి తెలియదు.

వైద్యంలో జరిగిందే ఇక్కడ నాకు కలిసొచ్చింది. మొదట మొదలుకు రంధ్రాలు చేసి మందు పోశారు, అది బయటికి కారిపోయింది. కాబట్టి కుడివైపు పేజీలో "డాక్టరు మందు పోశాడు." పేజీ తిప్పితే, "మందంతా కారిపోయింది!" ఆ తర్వాతే సీసాలు. ఆ సీసాలు వచ్చే జంట పేజీల్లో ముందు నాలుగు వాక్యాలుండేవి: ఎన్ని సీసాలు, ఎలా కట్టారు, చుక్కచుక్కగా ఎలా దిగింది, జనం ఎట్లా నోరు తెరుచుకుని చూశారు. ఒక్కోటీ తీసేస్తూ వచ్చాను, ఇప్పుడు అక్కడ మాటే లేదు. రెండు పేజీల నిండా చెట్టు, సీసాలు, అంతే. పిల్లలు వాటిని వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు, చదివే పెద్దవాళ్లు కాసేపు ఊరుకోవాలి. ఆకుపచ్చ, పెద్ద, ఊడలు దిగిన లాంటి మాటలు కథలో ఎక్కడున్నా కొట్టేశాను, అవి బొమ్మ చెప్పాల్సినవి. మందు పేరు క్లోరోపైరిఫాస్, బరువు కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించడం, ఇవన్నీ చివర్లో పెద్దవాళ్ల కోసం ఒక పేజీలో పెట్టాను.

ఇక్కడ మేం రాసేవాళ్లం కొందరం ఒకరిది ఒకరం చదివి అభిప్రాయాలు చెప్పుకుంటాం. వాళ్లలో ఎక్కువమంది, కథలో పాప ఉంది కదా, చెట్టును ఆ పాపే కాపాడాలి అన్నారు. అమెరికా బొమ్మల పుస్తకాల్లో ఇది బాగా చెల్లుబాటయ్యే సలహా, చాలా కథలకు మంచిదే కూడా. కానీ దీనికి ఒప్పుకోలేదు. చెదలు పట్టిన చెట్టును ఐదేళ్ల పాప బతికించదు, ఆఫీసర్లు, కూలీలు, శాస్త్రం తెలిసినవాళ్లు కలిసి నెలల తరబడి కష్టపడ్డారు, ఆ కష్టాన్ని పిల్లలకు చూపించడం నాకు ముఖ్యం. మా పాప చేసే పని ఒకటే, అడ్డొచ్చి అడగడం: "సూది గుచ్చితే చెట్టుకు నొస్తదా?" స్టోరీటైమ్‌లో డమ్మీ చదివినప్పుడు ఆ ప్రశ్న దగ్గర వెల్‌క్రో చప్పుడు రాలేదు, ఒక బాబు లేచి నిలబడి "ఎస్" అన్నాడు.

బొమ్మలు ఎవరు వేస్తారో ఇంకా తెలియదు. ఇక్కడ మామూలుగా ఇలస్ట్రేటర్‌ను పబ్లిషరే ఎంచుకుంటారు, రాసినవాళ్లు వాళ్లతో మాట్లాడకుండానే పుస్తకం అచ్చయిపోవడమూ ఉంది. దాంతో కొంచెం టెన్షనే. ఊడ అంటే ఏమిటో ఎన్నడూ చూడనివాళ్లు గీస్తే అది పాములా, తాడులా రాకూడదు. అలాగని ప్రతి పేజీకి బొమ్మ ఎలా ఉండాలో నేను రాసిపెడితే వాళ్ల పనికి అడ్డు, అందుకే పాత ఫొటోలు పోగుచేసి పెట్టుకున్నాను, అడిగితే ఇస్తాను.

ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయినప్పుడు డమ్మీ తీసుకుపోతాను. మా అన్న కూతురు చదివే బడిలో టీచర్‌గారు ఒక పీరియడ్ ఇస్తామన్నారు. ఆ పిల్లలకు ఆ చెట్టు తెలుసు, ఎక్కడ తేడా ఉన్నా మొహం మీదే చెప్పేస్తారు. వాళ్లు చెప్పేదాకా పబ్లిషర్‌కు పంపను.