మామిడి కాటా దగ్గర విశ్వాసం

చిత్తూరు మండీల్లో తోతాపురి కాయ దిగడం మొదలైతే, ఆదివారం విన్న వాక్యానికి పరీక్ష కాటా దగ్గరే. త్రాసు న్యాయంగా ఉండాలని బైబిల్లోని లేవీయకాండము 19:36 సూటిగా చెబుతుంది.

పొద్దున్నే కాటాను చదునైన గట్టి నేల మీద పెట్టి, సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ముద్ర ఉన్న 20 కిలోల తూకం రాయిని మధ్యలోనూ, నాలుగు మూలల్లోనూ పెట్టండి. ఒక మూల తేడా వస్తే కాటా ఒరిగి ఉండొచ్చు, లేదా పళ్లెం కింద మట్టో ఆకో ఇరుక్కుని ఉండొచ్చు. మొత్తం తూకంలోంచి తీసేయాల్సిన ఖాళీ క్రేట్‌ను ఉదయం ఒక్కసారి తూచి వదిలేస్తే చాలదు. వాన పడితే బురద, నీళ్లు పట్టి బరువెక్కుతుంది, నష్టం కొనేవారికి. అలాగని గుండుగుత్తగా ఎక్కువ తగ్గిస్తే రైతు మునుగుతాడు. తరుగు, అంటే తూకంలో తగ్గించే బరువు, ఎంతో కాయ దించకముందే చెప్పాలి. దించాక చెప్పే తరుగు నా దృష్టిలో దొంగతనమే. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి.

కోత కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15. గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, కూలి మొత్తాన్ని కోతకు ముందే విడిగా తీసి పెట్టుకోండి, చిల్లరతో సహా.