మా పురసవాక్కం నారాయణ్

సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే పోరు. ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కల గురించి ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు. నేను మన ఇంగ్లీషు మాస్టారు అంటించిన పిచ్చి గురించి రాస్తాను. ఆర్.కె. నారాయణ్, మాల్గుడి అనే ఊరిని ఊహించుకుని ఇంగ్లీషులో కథలూ నవలలూ రాసినాయన.

దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ వస్తున్న రోజులు. ‘ఆ మాల్గుడి ఎక్కడుంది సార్’ అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగితే, ‘సగం మీ ఇంటి వెనకాలే ఉంది, వెళ్లి చూసుకో’ అన్నారాయన. నారాయణ్ 1906లో పుట్టింది మద్రాసులోనే, చిన్నతనమంతా మన పురసవాక్కం వెల్లాల వీధిలో అమ్మమ్మ దగ్గర, చదువు అక్కడి లూథరన్ మిషన్ స్కూల్లో. ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో మన దేవుళ్లని వెక్కిరించే స్క్రిప్చర్ (బైబిలు పాఠాల) మాస్టారు ఉన్నాడే, అతగాడు ఆ స్కూలు సరుకే. నారాయణ్ వాళ్ల నాన్న హెడ్మాస్టరు. నవల్లో మాత్రం స్వామి తండ్రి లాయరు, బెత్తమేమో హెడ్మాస్టరు చేతిలో, దాన్ని లాక్కుని విరిచేసి పారిపోయేది స్వామి. ‘ఇంట్లో చెయ్యలేని పని పుస్తకంలో చేయించాడ్రా’ అని మాస్టారు పెద్దగా నవ్వుతుంటే, మన హెడ్మాస్టరుగారు వరండాలో ఉన్నారేమోనని మేం కిటికీలోంచి తొంగి చూసేవాళ్లం.

‘ది ఇంగ్లిష్ టీచర్’ (1945) సంగతి వేరు. 1939లో నారాయణ్ భార్య రాజం టైఫాయిడ్‌తో పోయింది, చిన్న కూతురు మిగిలింది. నవల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే కృష్ణన్ భార్య సుశీల కూడా అదే జ్వరంతో పోతుంది. డాక్టరేమో టైఫాయిడ్ టైంటేబుల్ ప్రకారం నడిచే జ్వరమండీ, కంగారేం లేదు అన్నట్టు మాట్లాడతాడు, కృష్ణన్ మంచం పక్కన కూర్చుని టెంపరేచర్ చార్టు రాసుకుంటూ ఉంటాడు. ఆ పేజీలు చదువుతుంటే ఇవి ఊహించి రాసినవి కావని తెలిసిపోతుంది, ఆసుపత్రిలో మనవాళ్ల పక్కన రాత్రుళ్లు కూర్చున్నవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది.

తర్వాత నవల్లో కృష్ణన్‌కి చనిపోయిన భార్య ఆత్మతో మాటలు మొదలవుతాయి. మన గ్రూపులో ఒకడు ‘ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ సాగదీశాడు’ అని తేల్చేశాడు కదా, ఒరే, ఆ సెకండాఫే ఆయన కల్పించింది కాదురా. రాజం పోయాక నారాయణ్ మద్రాసులోనే ఆత్మలతో మాట్లాడించే ఒకాయన దగ్గర అలా కూర్చుని, రాజం చెప్పిందంటూ ఆ మనిషి రాసిపెట్టినవి నమ్మారు. మాల్గుడికి మార్చారంతే. ఆత్మకథ ‘మై డేస్’లో ఈ నవల్లో కల్పన చాలా తక్కువని తనే ఒప్పుకున్నారు. నాకైతే ఆత్మల మీద నమ్మకం లేదు, అయినా ఆ భాగాన్ని తీసిపారేయలేను.

అసలు కల్పించింది ఉద్యోగాన్ని! నారాయణ్ టీచరుగా చేరి కొద్దిరోజుల్లోనే మానేసిన మనిషి. ఈ మాట చెప్పేటప్పుడు మాస్టారికి నిజంగానే ఉక్రోషం వచ్చేది. ‘బాధంతా ఆయనది, కాంపోజిషన్ నోట్సులు దిద్దే చాకిరీ మాత్రం మాది’ అనేవారు.